కొలెస్టరాల్‌కు పేరు పెట్టిన శతాధిక వృద్ధుడు

మన సంఘం సమావేశాల్లో డి.ఏ. బకాయిల సంగతి అయిపోగానే వినిపించే మాట కొలెస్టరాల్. ఎవరికెంత ఉందో రిపోర్టులు పోల్చి చూసుకోవడం మనకు అలవాటయింది. ఈ విషయంలో మనలో రెండు వర్గాలున్నాయి. మొదటి వర్గం వారికి కొలెస్టరాల్ అంటే విషం. కోడిగుడ్డు వంక చూడరు, నేతి గిన్నె మూత తియ్యరు. రెండో వర్గం వారు ఇదంతా మందుల కంపెనీల మాయ అని కొట్టిపారేస్తారు. మన సభ్యుల్లో ఒక పెద్దమనిషి, నాకు ముప్ఫై ఏళ్ళ స్నేహితుడు, ఈ రెండో మాట నమ్మారు. ఒకసారి గుండెపోటు వచ్చి తగ్గాక డాక్టరు రాసిన మాత్రలను ఇంట్లో చెప్పకుండా మానేశారు. ఏడాది తిరగకుండానే రెండోసారి గుండెపోటు వచ్చింది. ఈసారి ఆయన మనకు దక్కలేదు. మాత్ర మానడమే కారణమని నేను తేల్చి చెప్పలేను గాని, ఆ మాత్ర ఎందుకు వేసుకోవాలో ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పలేదన్నది మాత్రం నిజం.

నేను ఆస్పత్రి ప్రయోగశాలలో ముప్ఫై మూడేళ్ళు రక్తపరీక్షలు చేసి రిటైరైనవాణ్ణి. ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రసిద్ధుడి జీవితం రాయమన్నారు. కొలెస్టరాల్‌కు ఆ పేరు పెట్టినాయన జీవితమే రాస్తే ఒక దెబ్బకు రెండు పిట్టలనిపించింది. ఆయన పేరు మిషెల్ యూజీన్ షెవ్రెల్. ఫ్రాన్సు దేశపు రసాయన శాస్త్రవేత్త. నూట రెండేళ్ళు బతికి, దాదాపు చివరి వరకు పని చేసిన మనిషి.

బాల్యం

షెవ్రెల్ 1786 ఆగస్టు 31న పశ్చిమ ఫ్రాన్సులోని ఆంజే పట్టణంలో పుట్టారు. తండ్రి పేరున్న వైద్యుడు. తల్లిదండ్రులిద్దరూ తొంభై దాటి బతికినవారే. కనుక దీర్ఘాయుష్షు ఆయనకు పుట్టుకతో వచ్చిన ఆస్తి అనుకోవాలి. ఆయనకు మూడేళ్ళు నిండకముందే ఫ్రెంచి విప్లవం వచ్చింది. ఆంజే ప్రాంతంలో రాజు పక్షం వారికీ విప్లవకారులకూ ఘోరమైన పోరాటాలు జరిగాయి. గిలటిన్ కింద తలలు తెగడం ఆ పసివాడు కళ్ళారా చూశాడని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. గుంపు ఆవేశంగా నమ్మేదాన్ని తాను తొందరపడి నమ్మకపోవడమనే గుణం ఆయనకు అక్కడే అబ్బిందేమో!

1803లో, పదిహేడో ఏట, పారిస్ చేరారు. అక్కడ వోక్లాఁ అనే గొప్ప రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాలలో శిష్యుడుగా కుదిరారు. అంతకు పెద్దతలకాయ ఫూర్‌క్రువా ఆశీస్సులు కూడా ఆయనకు దొరికాయి. 1810 నాటికి పారిస్ ప్రకృతి శాస్త్ర మ్యూజియంలో సహాయకుడి ఉద్యోగం వచ్చింది. ఆ మ్యూజియంతో ఆయన సంబంధం మరి ముప్పావు శతాబ్దానికి పైగా సాగింది.

సబ్బు ముక్కలో దొరికిన రహస్యం

1811లో ఆయన పంది కొవ్వుతో చేసిన ఒక సబ్బును పరీక్షించడం మొదలుపెట్టారు. సబ్బు చెయ్యడం మనుషులకు వేల ఏళ్ళుగా తెలుసు. కొవ్వులో క్షారం వేసి కాస్తే సబ్బవుతుంది. కాని లోపల ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. కొవ్వూ క్షారమూ ఊరికే అతుక్కుంటాయని అనుకునేవారు. షెవ్రెల్ పన్నెండేళ్ళు ఓపిగ్గా శ్రమించి అసలు విషయం తేల్చారు. కొవ్వు అనేది ఒక్క పదార్థం కాదు. క్షారం తగలగానే అది రెండుగా విడిపోతుంది. ఒకటి, షీలే అనే శాస్త్రవేత్త అంతకుముందే కనుగొన్న తియ్యని ద్రవం. దానికి గ్లిజరిన్ అని పేరు పెట్టింది షెవ్రెలే. రెండోది, కొవ్వు ఆమ్లాలు. స్టియరిక్ ఆమ్లం, ఓలియిక్ ఆమ్లం, వెన్నలో ఉండే బ్యుటిరిక్ ఆమ్లం, ఇవన్నీ ఆయన వేరు చేసి చూపినవే. ఈ శ్రమ ఫలితాన్ని 1823లో గ్రంథంగా వెలువరించారు.

ఆయన పనిలో ఒక పద్ధతి ఉండేది. పదార్థాన్ని కరిగించి, మళ్ళీ స్ఫటికాలుగా మార్చి, అది ఏ ఉష్ణోగ్రత వద్ద కరుగుతుందో చూసేవారు. ఆ అంకె మారకుండా నిలకడగా ఉంటేనే అది శుద్ధమైన పదార్థమని ఒప్పుకునేవారు. ఈనాటికీ కాలేజీ ప్రయోగశాలల్లో పిల్లలు చేసే పరీక్ష ఇదే.

కొలెస్టరాల్ నామకరణం

పిత్తాశయంలో ఏర్పడే రాళ్ళలో మైనం లాంటి తెల్లని పదార్థం ఉంటుందని 18వ శతాబ్దంలోనే కనుగొన్నారు. తిమింగిలం తలలో దొరికే మైనమూ, పాతిపెట్టిన శవాలపై ఏర్పడే మైనమూ, ఈ పిత్తాశయపు మైనమూ మూడూ ఒకటేనని ఫూర్‌క్రువా ఒకే పేరు కింద కట్టేశారు. అంత పెద్దాయన మాటను కాదనడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? షెవ్రెల్ వాదనకు దిగలేదు. మూడింటినీ వేర్వేరుగా క్షారంతో కాచి చూశారు. మూడూ మూడు రకాలుగా ప్రవర్తించాయి. పిత్తాశయపు మైనం అసలు సబ్బు కానే కాలేదు. ఎంత కాచినా అలాగే ఉండిపోయింది. అంటే అది కొవ్వులా కనిపించే కొవ్వు కానిది. గ్రీకు భాషలో పిత్తానికీ, ఘన పదార్థానికీ ఉన్న రెండు మాటలు కలిపి 1815, 1816 ప్రాంతంలో దానికి కొలెస్టరీన్ అని పేరు పెట్టారు. కాలక్రమాన అదే కొలెస్టరాల్ అయింది. రాళ్ళలోనే కాదు, మామూలు పిత్తరసంలో కూడా అది ఉంటుందని 1824లో ఆయనే చూపారు. 1833లో బూదే అనే మరో ఫ్రెంచి శాస్త్రవేత్త మనిషి రక్తంలో దాన్ని గుర్తించారు. కనుక రోగంలో పుట్టే చెడ్డ పదార్థం కాదది. ఆరోగ్యవంతుడి ఒంట్లోనూ ఉండేదే.

కొవ్వొత్తి, రంగులు, లోలకం

కొవ్వు ఆమ్లాల నుంచి కొవ్వొత్తులు చేసే పద్ధతికి 1825లో గే-లుస్సాక్‌తో కలిసి పేటెంటు తీసుకున్నారు. వారిద్దరికీ ఆ వ్యాపారం కలిసిరాలేదు. ఆ తర్వాత మరికొందరు పద్ధతిని చౌకగా మార్చి స్టియరిన్ కొవ్వొత్తులు తయారుచేశారు. జంతువుల కొవ్వుతో చేసిన పాత వత్తులు పొగ చిమ్ముతూ, కంపు కొడుతూ ఉండేవి. వాటి స్థానంలో శుభ్రంగా వెలిగే దీపాలు సామాన్యుల ఇళ్ళకు వచ్చాయి.

1824లో ప్రభుత్వం ఆయనను గోబెలాఁ తివాచీ కర్మాగారంలో రంగుల విభాగానికి అధిపతిగా వేసింది. అక్కడి నల్ల ఉన్ని నలుపు సరిగా లేదని ఫిర్యాదు. రంగును పరీక్షిస్తే లోపమేమీ కనిపించలేదు. తప్పు రంగులో లేదు, పక్కన పెట్టిన మరో రంగు వల్ల మన కన్ను మోసపోతున్నదని ఆయన కనిపెట్టారు. దీనిపై 1839లో రాసిన గ్రంథం తర్వాతి తరం చిత్రకారులకు పాఠ్యపుస్తకమైంది. సూరా అనే ప్రసిద్ధ చిత్రకారుడు చుక్కలు చుక్కలుగా వేసిన బొమ్మల వెనుక ఈ సూత్రమే ఉంది.

ఆ రోజుల్లో దారానికి ఒక ఉంగరం లాంటిది కట్టి లోహాల మీద వేలాడదీస్తే దానంతటదే ఊగుతుందని, అది ఏదో అదృశ్యశక్తి అని నమ్మేవారు. షెవ్రెల్ స్వయంగా చేసి చూశారు. పాదరసం మీద నిజంగానే ఊగింది! మరొకరైతే అక్కడితో సంతోషించేవారు. ఆయన మాత్రం తన కళ్ళకు గంతలు కట్టించుకుని మళ్ళీ చేశారు. మధ్యలో గాజు పలక ఎప్పుడు పెట్టారో, ఎప్పుడు తీశారో ఆయనకు తెలియనివ్వలేదు. ఊగడం ఆగిపోయింది. మనసులోని నమ్మకమే తెలియకుండా చేతిని కదిలిస్తున్నదని తేలింది. ఈ సంగతి 1833లో ఆంపియర్‌కు లేఖగా రాశారు, 1854లో పుస్తకంగా ప్రచురించారు. ఈ గంతల సంగతి పాఠకులు గుర్తు పెట్టుకోవాలి. ముందు పని పడుతుంది.

మన సుబ్బారావుగారితో ఒక చుట్టరికం

1832లో షెవ్రెల్ మాంసపు రసం నుంచి ఒక కొత్త పదార్థం వేరు చేసి క్రియాటిన్ అని పేరు పెట్టారు. కిడ్నీల పరీక్షలో మనకు వచ్చే క్రియాటినిన్ అనే అంకె దీని నుంచి పుట్టినదే. ఆ తర్వాత సుమారు 95 ఏళ్ళకు, 1927లో, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో ఫిస్కేతో కలిసి, కండరాల్లో ఈ క్రియాటిన్ ఫాస్ఫేటుతో కలిసి ఉంటుందని, కండరం పని చేసేటప్పుడు ఖర్చవుతుందని చూపించారు. రక్తంలో ఫాస్ఫరస్ కొలవడానికి ప్రయోగశాలలో మేము వాడింది ఫిస్కే-సుబ్బారావు పద్ధతే. షెవ్రెల్ పేరు చాలామంది వినకపోయినా, మన ప్రతి రిపోర్టులోనూ ఆయన చెయ్యి ఉంది.

రిటైర్‌మెంటు లేని వృద్ధాప్యం

1826లో ఆయన ఫ్రెంచి సైన్సు అకాడమీ సభ్యులయ్యారు. 1830లో గురువు వోక్లాఁ స్థానంలో మ్యూజియంలో ప్రొఫెసరయ్యారు. 1857లో ఇంగ్లండు రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది. 1862లో భార్య సోఫీ మరణించింది. మరుసటి ఏడాది, డెబ్భై ఆరేళ్ళ వయసులో, మ్యూజియం డైరెక్టరు పదవి వచ్చింది. మనమంతా యాభై ఎనిమిదికో అరవైకో దండలు వేయించుకుని ఇంటికి వచ్చినవాళ్ళం. ఆయనకు పెద్ద పదవి మొదలైంది డెబ్భై ఆరులో!

1870, 71ల్లో ప్రష్యా సేనలు పారిస్‌ను ముట్టడించాయి. 1871 జనవరిలో ఫిరంగి గుళ్ళు మ్యూజియం మీద పడ్డాయి. ఎనభై నాలుగేళ్ళ షెవ్రెల్ ఊరు వదలలేదు. ఒక విద్యాలయం మీద జరిగిన ఈ దాడిని అకాడమీ రికార్డుల్లో నమోదు చేయించారు. డైరెక్టరు పదవి వదిలింది 1879లో. ఆ తర్వాత కూడా అకాడమీ సమావేశాలు, ప్రయోగశాల విడవలేదు. ఇంత వయసొచ్చినా తనను తాను విద్యార్థిగానే చెప్పుకునేవారు.

1886లో ఆయన నూరో పుట్టినరోజును ఫ్రాన్సు దేశమంతా పండుగలా జరుపుకుంది. మ్యూజియంలో విగ్రహం ఆవిష్కరించారు. ప్రసిద్ధ ఫోటోగ్రాఫరు నాదార్ ఆయనతో సంభాషణ జరుపుతూ వరసగా ఫోటోలు తీయించాడు. పత్రికల చరిత్రలో మొదటి ఫోటో ఇంటర్వ్యూ అదేనంటారు. 1889 మార్చి ఆఖరుకు ఐఫిల్ టవరు పూర్తయింది. దాని మీద చెక్కిన 72 మంది శాస్త్రజ్ఞుల, ఇంజనీర్ల పేర్లలో షెవ్రెల్‌దీ ఒకటి. ఆ రోజుల్లోనే ఆయన ఒక్కగానొక్క కొడుకు తండ్రికన్నా కొద్ది రోజుల ముందు కన్నుమూశాడు. 1889 ఏప్రిల్ 9న షెవ్రెల్ కూడా వెళ్ళిపోయారు.

ఆయన విడదీసినవాటిని కలిపే ఎంజైము

ఇక మన రిపోర్టుల సంగతి. షెవ్రెల్ జీవితంలో వేరు చేసి చూపిన ముఖ్యమైనవి రెండు. ఒకటి కొవ్వు ఆమ్లం, రెండు కొలెస్టరాల్. ఈ రెంటినీ కలిపి వేడి చేస్తే ఎస్టర్లనే కొత్త పదార్థాలవుతాయని 1859లో బెర్తెలో అనే మరో ఫ్రెంచి శాస్త్రవేత్త చూపించారు. విచిత్రమేమంటే, మన రక్తంలో ఇదే పని ఏ పొయ్యీ లేకుండా రాత్రింబవళ్ళు జరుగుతూ ఉంటుంది. ప్లాస్మాలోని కొలెస్టరాల్‌లో నూటికి సుమారు 70 పాళ్ళు ఇలా కొవ్వు ఆమ్లంతో జతకట్టే ఉంటుంది.

1935లో స్పెర్రీ అనే అమెరికన్, ప్లాస్మాను ఒంటి వేడి దగ్గర ఊరికే ఉంచితే ఒంటరి కొలెస్టరాల్ తగ్గుతూ పోతుందని, మొత్తం మాత్రం మారదని గమనించారు. అంటే ప్లాస్మాలోనే ఒక ఎంజైము ఉంది. 1962లో గ్లామ్‌సెట్ దాని పని తీరు తేల్చారు. అది లెసిథిన్ నుంచి ఒక కొవ్వు ఆమ్లాన్ని తీసి కొలెస్టరాల్‌కు తగిలిస్తుంది. దీన్ని పొడి అక్షరాల్లో ఎల్.సి.ఏ.టి. అంటారు. తయారయ్యేది కాలేయంలో, పని చేసేది ఎక్కువగా హెచ్.డి.ఎల్. కణాల మీద. ఒంటరి కొలెస్టరాల్ కణం పైపొరలోనే ఉంటుంది, మళ్ళీ జారిపోగలదు. కొవ్వు ఆమ్లం తగిలాక లోపలికి పోయి కూర్చుంటుంది, తలుపుకు గడియ వేసినట్టు. బిళ్ళలా చదునుగా ఉన్న కణం లడ్డూలా గుండ్రమవుతుంది. ఇలా కణజాలం నుంచి పోగైన కొలెస్టరాల్ కాలేయానికి చేరి, అక్కడి నుంచి పిత్తరసంలోకి పోతుంది. షెవ్రెల్ మొదట దాన్ని పట్టుకున్న చోటు అదే కదా!

పూర్వం మేము గాజు గొట్టంలో ఎసిటిక్ ఎన్‌హైడ్రైడు, గంధకామ్లం పోస్తే వచ్చే పచ్చరంగును బట్టి కొలెస్టరాల్ కొలిచేవాళ్ళం. కాలేయ జబ్బుల్లో జతకట్టిన కొలెస్టరాల్ వంతు పడిపోయేది. ఆ కాగితం చూసే డాక్టర్లు కాలేయం స్థితి అంచనా వేసేవారు.

ఈ ఎంజైము పని చేయకపోతే ఏమవుతుంది? 1967లో నార్వేలో నోరుం, యోనె అనే డాక్టర్లు అలాంటి కుటుంబాన్ని కనుగొన్నారు. కంటి నల్లగుడ్డు మసకబారడం, రక్తహీనత, మూత్రంలో ప్రొటీన్ పోవడం కనిపించాయి. ఇలాంటి రోగుల్లో చాలామందికి కిడ్నీలు చెడిపోతాయి. మంచి కొలెస్టరాల్ అని మనం పిలుచుకునే హెచ్.డి.ఎల్. వీరిలో అడుగంటిపోతుంది. అయినా అందరూ అనుకున్నంత విరివిగా గుండెపోట్లు రాలేదు. అంటే ఆ ఒక్క అంకెను బట్టి గుండె జాతకం చెప్పలేం.

అయితే మందుతో హెచ్.డి.ఎల్. పెంచితే మేలు కాదా? ఇక్కడే షెవ్రెల్ గంతలు గుర్తుకు తెచ్చుకోవాలి. ప్లాస్మాలోని సి.ఇ.టి.పి. అనే మరో ప్రొటీన్‌ను అడ్డుకుని హెచ్.డి.ఎల్.ను బాగా పెంచే మందును సుమారు 15 వేలమందిపై పరీక్షించారు. ఎవరికి అసలు మందు, ఎవరికి ఉత్త మాత్ర అన్నది రోగికీ తెలియదు, డాక్టరుకూ తెలియదు. అంకె బ్రహ్మాండంగా పెరిగింది. కాని మందు తీసుకున్నవారిలోనే మరణాలు ఎక్కువయ్యాయి. 2006లో పరీక్ష ఆపేశారు.

అదే గంతల పద్ధతిలో ఇంకొకటి తేలింది. 1994లో స్కాండినేవియా దేశాల్లో గుండెజబ్బు ఉన్న 4,444 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు వెలువడ్డాయి. చెడు కొలెస్టరాల్ అనే ఎల్.డి.ఎల్.ను తగ్గించే స్టాటిన్ మాత్రను సుమారు అయిదేళ్ళు కొందరికిచ్చారు, కొందరికి ఉత్త మాత్ర ఇచ్చారు. ఉత్త మాత్ర వారిలో 256 మంది, స్టాటిన్ వారిలో 182 మంది మరణించారు. డెబ్భై నాలుగు ప్రాణాల తేడా! మందుల కంపెనీల మాయ అనేవారికి నేను ఈ అంకెలే చూపిస్తాను.

కొలెస్టరాల్ విషం కాదు. ప్రతి కణపు పొరలోనూ అది ఉండాలి. కొన్ని హార్మోన్లూ, పిత్త లవణాలూ దాని నుంచే తయారవుతాయి. అందులో ఎక్కువ భాగం మన ఒళ్ళే చేసుకుంటుంది. కాని ఎల్.డి.ఎల్. కణాల్లో ఎక్కి రక్తనాళాల గోడల్లో పేరుకుంటే మాత్రం ప్రాణం తీస్తుంది. ఒకే పదార్థం, ఎవరు మోస్తున్నారు, ఎటు తీసుకుపోతున్నారు అన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. మూడు మైనాలను ఒకే గాటన కట్టవద్దని షెవ్రెల్ చూపించారు. మనమూ రిపోర్టులోని అంకెలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. మొత్తం ఎంత, ఎల్.డి.ఎల్. ఎంత, బి.పి., షుగరు ఎలా ఉన్నాయి, పొగ తాగే అలవాటుందా, ఇంతకుముందు గుండెపోటు వచ్చిందా, ఇవన్నీ కలిపి చూడవలసింది డాక్టరు. మాత్ర వల్ల కండరాల నొప్పులో మరొకటో వస్తే ఆయనకే చెప్పండి, మోతాదు మారుస్తారు, లేదా మందే మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం మానకండి.

షెవ్రెల్ తన మనసు తనను మోసగించవచ్చునని తెలుసుకుని కళ్ళకు గంతలు కట్టించుకున్నారు. ఆ వినయమే ఆయన మనకు విడిచిపోయిన ఆస్తి. ఆయన ఆయుష్షు తల్లిదండ్రుల నుంచి వచ్చింది, అది మనం తెచ్చుకోలేం. ఆ వినయం మాత్రం ఏ వయసులోనైనా అలవరచుకోవచ్చు. సభ్యులందరికీ ఆయురారోగ్యాలు కలగాలని కోరుకుంటూ సెలవు.